పప్పు ఉడకని నీళ్ళు

నీళ్ళ ప్లాంటు అమ్మడానికి హైదరాబాదు నుంచి వచ్చిన టై మనిషి రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోయించాడు. ఒకదాంట్లో హాస్టల్ బోరు నీళ్ళు, ఇంకొకదాంట్లో తన సీసాలో తెచ్చుకున్నవి. రెండింట్లోనూ ఇనప కడ్డీలు దించి, వైరు ప్లగ్గులో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాల్లో బోరు నీళ్ళు నురగ కక్కి, ముందు పచ్చగా తిరిగి, తర్వాత మోరీ రంగుకు వచ్చాయి. సీసా నీళ్ళు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"ఛీ!" అని కమిటీలోని ఇద్దరు ఆడవాళ్ళూ కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. "ఇన్నేండ్ల సంది మన పిల్లలు తాగింది గివ్వా?"

టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఎలిశిబాకు ఆ గ్లాసును చూసినదానికంటే ఆ మనిషి నవ్వు చూసి ఎక్కువ రోత పుట్టింది. మెదక్‌లోని ఈ దోర్కా బాలికల హాస్టల్లో ఆమె పద్దెనిమిదేళ్ళుగా వంట చేస్తోంది. ఆ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని తెలుసు, గిన్నెలకు తెల్ల చార కడతాయని తెలుసు. ఎంత మరగబెట్టినా ఆ రంగు రావడం మాత్రం ఏనాడూ చూడలేదు.

మూలన కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న ఉదయ్ కుమార్‌కు రామాయంపేటలో వాటర్ ప్లాంట్ల దుకాణం ఉంది. అతను ఉండబట్టలేక అన్నాడు: "సార్, ఆ తెల్ల గ్లాసుల చిటికెడు ఉప్పెయ్యిండ్రి. గదీ గట్లనే అయితది. గది మురికి గాదు. ఆ కడ్డీ కరుగుతున్నది."

"బాబూ, నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు," అన్నాడు కమిటీ సెక్రటరీ కృపాదానం. హెడ్మాస్టరుగా రిటైరై ఆరేళ్ళయినా ఆయన గొంతులో బెత్తం ఇంకా అలాగే ఉంది. ఉప్పు ఎవరూ వేయలేదు. కమిటీకి ఉప్పు కంటే ఛీ అనడమే బాగున్నట్టుంది.

అయితే చివరికి పని ఉదయ్ కుమార్‌కే వచ్చింది. చెడిపోతే పిలిస్తే అర్ధగంటలో వస్తాడని. వచ్చిన పేచీ అంతా ఎంత పెద్ద మిషను పెట్టాలన్న దగ్గరే వచ్చింది.

"నూట నలభై మంది పిల్లలు సార్. తాగనీకి, వంటకు మనిషికి పది లీటర్లు ఏసుకోండ్రి. గంటకు రెండు వందల యాభై లీటర్ల మిషిను ఆరు గంటలు నడిస్తే సాలు. పైంగ ఎండకాలం. మీ బోరు గంతకంటె ఎక్కువ గుంజదు."

కరుణాకర్ రెడ్డి అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నాడు. పాపన్నపేట దగ్గర ఆయనకు రైస్ మిల్లు ఉంది. ప్లాంటుకు దాత ఆయనే. ఈసారి మునిసిపాలిటీకి నిలబడతాడని ఊరంతా అనుకుంటున్నారు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"రెండు వందల యాభయ్యా? మా అమ్మ పేరు మీద పెడ్తున్ననయ్యా. గంత చిన్నది పెడ్తె నలుగురు ఏమనుకుంటరు? వెయ్యి లీటర్లది పెట్టు. రోడ్డు మీదికి నల్లా పెట్టు, బస్తీ జనం కార్డు గీకి పట్టుకపోవాలె. బోర్డు దూరంకెల్లి కనవడాలె."

"వెయ్యి లీటర్లు మంచియి వస్తె, ఇంకో వెయ్యి లీటర్లు బయటికి పోతయి సార్. రిజెక్ట్ అంటం. బోరుల ఉన్న ఉప్పంత గా నీళ్ళల్లకే వస్తది."

"గంటకు వెయ్యి లీటర్లు మోరీలకా?" ఎలిశిబా నోటి నుంచి మాట జారిపోయింది. అందరూ గుమ్మం వైపు తిరిగారు. సిగ్గుపడింది గానీ ఆగలేదు. "పాపం గద సారూ. బండలు కడుగనీకన్నా, పాయఖాన్లలకన్నా పనికి రావా?"

కృపాదానం మొహం వెలిగింది. "చూసిన్రా! చదువు ఏడో తరగతే గానీ, ఎంత మంచిగ ఆలోచించిందో. నీళ్ళు దేవుడిచ్చినయి. ఒక్క చుక్క వృథా కావొద్దు." అంటూ మినిట్స్ రిజిస్టరు దగ్గరకు లాక్కుని రాసుకున్నాడు. చివర్లో ఎలిశిబా చేత కూడా సంతకం పెట్టించాడు. కమిటీ రిజిస్టరులో వంటమనిషి సంతకం అదే మొదటిసారి. ఆ సాయంత్రం అంట్లు తోమే యేసమ్మకు ఆ సంగతి రెండుసార్లు చెప్పుకుంది.

*

మూడు వారాల్లో ప్లాంటు లేచింది. రోడ్డు వైపు ప్రహరీని ఆనుకుని గది కట్టారు. సరిగ్గా అక్కడే మునిసిపాలిటీ నల్లా గుంత ఉండేది. ఆ నల్లా రోజు విడిచి రోజు తెల్లవారుతూనే గంటసేపు వచ్చేది. ఆ నీళ్ళు నీలం డ్రమ్ములో పట్టి, మూత మీద బండ పెట్టి, ఎలిశిబా పప్పుకు మాత్రమే వాడేది. 'పప్పు నీళ్ళు' అని ఆ డ్రమ్ముకు పేరు. బోరు నీళ్ళతో అన్నం అవుతుంది, కూర అవుతుంది, కందిపప్పు మాత్రం కాదు. ఈ సంగతి వంటింట్లో అందరికీ తెలుసు, కమిటీలో ఒక్కరికీ తెలియదు. ప్లాంటు వస్తుంటే ఇంకా నల్లా ఎందుకని గుంత పూడ్చి బండ పోయించాడు కృపాదానం. ఎలిశిబా కూడా తలూపింది. గంటకు వెయ్యి లీటర్ల తియ్యటి నీళ్ళు వచ్చే ఇంట్లో డ్రమ్ము దేనికి అనుకుంది.

ప్రారంభోత్సవం ఆదివారం. అంతవరకు ట్రయల్ అని పేరు పెట్టి పన్నెండు రోజుల ముందు నుంచే నడుపుతున్నారు. రోడ్డు మీది నల్లా దగ్గర పొద్దున్నుంచి చీకటిదాకా క్యాన్లు నిండుతూనే ఉన్నాయి. లోపల పిల్లలు తినే హాల్లో ఒక నల్లా పెట్టారు గానీ, పొద్దున అర్ధగంట, సాయంత్రం అర్ధగంట. పిల్లకు ఒక సీసా. వంటింటికి ఎప్పటిలాగే పైన ట్యాంకు నీళ్ళే.

గురువారం తెల్లవారుజామున ఎలిశిబా నడుముకు కట్టుకున్న తాళంచెవి తీసి వంటింటి గోడకున్న బోరు మోటారు డబ్బా తెరిచి, పచ్చ బటన్ నొక్కింది. ఒకప్పుడు ఒక పిల్ల అందులో చెయ్యి పెట్టి షాకు తిన్నది. అప్పటి నుంచి డబ్బాకు తాళం, తాళంచెవి ఎలిశిబా నడుముకు. హాస్టల్ మొత్తం లేచేది ఆ బటన్ చప్పుడుతోనే.

ఎనిమిది కిలోల కందిపప్పు రెండుసార్లు కడిగి గుండిగలో పోసింది. పసుపు, చెంచాడు నూనె. బట్టీ పొయ్యి మంట పెద్దది చేసింది. మామూలుగా గంటలో పప్పు విచ్చుకుంటుంది. గంట అయింది, గంటన్నర అయింది. గంటెతో నాలుగు బద్దలు తీసి, ఊది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. పైన మెత్తగా జారింది, నడుమ పలుకు అలాగే ఉంది. గుండిగ అంచుకు తెల్లటి తెట్టు పేరుకుంది. దాన్ని గంటెతో గీకి పారేసి మళ్ళీ మూత పెట్టింది.

"అక్కా, సోడా ఎయ్యి," అంది యేసమ్మ.

"నిన్న ఏస్తె సబ్బు వాసనొచ్చిందని సగం మంది పారబోసిన్రు."

"ఏయకుంటే ఇయ్యాల మొత్తం పారబోస్తరు."

వేసింది. పప్పు ఉడకలేదు, విరిగింది. పప్పుగుత్తితో రుద్దితే పలుకులు కింద జారి అటూ ఇటూ పోయాయి. ఎనిమిది గంటలకు పిల్లలు కంచాలు పట్టుకుని వచ్చారు. పద్దెనిమిదేళ్ళుగా తన పప్పు తిని బళ్ళోకి పోయిన పిల్లల వరస అది. ఒక చిన్నపిల్ల పళ్ళ మధ్య నుంచి పలుకు వేలితో తీసి, కంచం అంచుకు రాసి, ఎవరైనా చూశారేమోనని తల ఎత్తింది. ఎలిశిబా చూసింది. వండినదాన్ని పిల్ల ఉమ్మేస్తుంటే చూడడం కన్నా వంటమనిషికి వేరే తిట్టు అక్కర్లేదు. అప్పుడే గ్యాసు సిలిండరు అయిపోయింది. వారంలో ఐదోది.

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఐలయ్య లేచి నిలబడ్డాడు. ఆమె కళ్ళలోకి చూడకుండా, "అక్కా, జర సంచి సూపియ్యమంటుండు సారు," అన్నాడు. అతని వెనక కృపాదానం చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. ట్యూషను నుంచి వచ్చే పిల్లలు ఆగి చూస్తున్నారు.

"వారానికి నాలుగు సిలిండర్లు అయ్యేది. ఇప్పుడు ఐదైనయి, ఆరైతయి. కమిటీల నన్నడుగుతున్నరు," అన్నాడు ఆయన.

"పప్పు ఉడుకుత లేదు సారూ. నీళ్ళు మారినయి."

"లక్షలు పెట్టి మిషిను ఏస్తె నీళ్ళు ఖరాబైనయంటవా? నీళ్ళు మారలేదు ఎలిశిబా. నీ చెయ్యి మారింది."

సిలిండరు చేతిసంచిలో పట్టదని అంతకాలం హెడ్మాస్టరు చేసిన మనిషికి ఎవరు చెప్పాలి? ఎలిశిబా సంచి తీసి గేటు దిమ్మె మీద బోర్లించింది. బీపీ గోలీలు, కళ్ళజోడు డబ్బా, పొద్దుటి అన్నం మిగిలిన స్టీలు డబ్బా. ఐలయ్య ముట్టుకోలేదు. కృపాదానమే ఒంగి స్టీలు డబ్బా మూత తీసి చూశాడు. లోపల పిడికెడు అన్నం, దాని మీద ఉడకని పప్పు. మూత పెట్టి, చేతులు తుడుచుకుని, "పో," అన్నాడు. అది ఎవరి పప్పు, ఎందుకలా ఉందని ఆయనకు అడగాలనిపించలేదు. ఇంటిదాకా నడుస్తున్నంతసేపూ ఆ చేతులు తుడుచుకోవడమే ఆమె కళ్ళలో ఉంది.

*

శుక్రవారం పొద్దున స్నానాల దగ్గర గోల వినిపించి వెళ్ళింది. సబ్బు నురగ రావడం లేదని పిల్లలు ఒకరి సబ్బు ఒకరు లాక్కుంటున్నారు. జుట్లు జిడ్డుగా తీగలు తీగలుగా ఉన్నాయి. తొమ్మిదో తరగతి నిస్సి ముంజేయి చాచి, గోటితో తన పేరు రాసుకుంది. ఎండిన చర్మం మీద తెల్లగా, పలక మీద రాసినంత స్పష్టంగా పడింది.

"చూడు ఆంటీ, చాక్‌పీసు అక్కర్లేదు," అని నవ్వింది. చుట్టూ ఉన్న పిల్లలు కూడా చేతులు చాచి రాసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళకు అది ఆట. ఎలిశిబా తన చెయ్యి చూసుకుంది. అక్కడా తెల్లగా పొట్టు లేస్తోంది. వయసు అనుకుంది ఇన్నాళ్ళూ.

ఉదయ్ కుమార్‌కు ఫోన్ చేసింది. ఆదివారం ముందు ఒకసారి చూసుకుందామని అతను ఎలాగూ మధ్యాహ్నం వచ్చాడు. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపే పెన్నంత మీటరు జేబులోంచి తీశాడు. బోరు నీళ్ళలో ముంచితే ఎనిమిది వందల ఇరవై చూపించింది. రోడ్డు నల్లా నీళ్ళలో నలభై. తర్వాత వంటింటి నల్లా కింద గ్లాసు పట్టి ముంచాడు. అంకెలు ఎక్కి ఎక్కి పదహారు వందల పది దగ్గర ఆగాయి.

అతను గబుక్కున మీటరు దులిపి జేబులో పెట్టుకోబోయాడు. ఎలిశిబా చెయ్యి పట్టుకుంది.

"బోరు కంటె డబల్ ఎట్లైంది? బోరు నీళ్ళే గద ట్యాంకులకు పోయేది?"

అతను పైకి చూపించాడు. ప్లాంటు గది కప్పు మీద నుంచి బూడిదరంగు పైపు ఒకటి గోడ వెంట పాకి, హాస్టల్ డాబా మీదికి పోయి, ఉన్న ఒక్క ట్యాంకులోకి దిగింది.

"రిజెక్టు లైను అక్కా."

"పిల్లలు తినే నీళ్ళల్ల కలిపింది ఎవలు?"

"నేనే."

"బండలు కడుగనీకి అని గద అనుకున్నది!"

"గందుకు వేరే ట్యాంకు, వేరే లైను ఏయాలె అని రాసిచ్చిన. ప్లాంటు మటుకే నాది, ట్యాంకులు మీరు చూస్కోండ్రి అన్నడు రెడ్డి సారు. ఇప్పుడేడ ఏస్తం, ఉన్నదాంట్ల కలుపు, బోరు నీళ్ళల్ల కలిసి పల్చగైతయి అన్నడు మీ సారు. ఎట్ల పల్చగైతయి? బోరుల వచ్చినయన్ని ప్లాంటే గుంజుకుంటున్నది. ట్యాంకుల ఉన్నది మొత్తం రిజెక్టే."

"గీ మాట సారుకు చెప్పినవా?"

"చెప్పిన." మీటరు జేబులో పెట్టుకున్నాడు. "చెప్పి కలిపిన."

అతని మీద ఉమ్మాలనిపించింది ఆమెకు. టై మనిషి మోసగాడు, సరే. ఇతను ఉప్పు సంగతి చెప్పిన మనిషి. అన్నీ తెలిసిన మనిషి. తెలిసీ పానా పట్టుకుని డాబా ఎక్కాడు.

"నన్నెందుకట్ల చూస్తవ్ అక్కా? ఆ పైపు ఇప్పి మోరీ దిక్కు తిప్పి, మంచినీళ్ళ లైనుకెల్లి వంటింటికి ఒక కనెక్షన్ ఇస్తె అయిపాయె. అర్ధగంట పని. సారు సరే అనాలె." బయటికి పోతూ వెనక్కి తిరిగాడు. "అయినా గిది నీ సలహానే అన్నడు సారు. రిజిస్టర్ల రాసి ఉన్నదంట."

ఆఫీసు గదిలో ఎవరూ లేరు. రిజిస్టరు బల్ల మీదే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో గీత గీతా పట్టుకుంటూ చదివింది. 'వంటమనిషి శ్రీమతి ఎలిశిబా గారి సూచన మేరకు, ప్లాంటు నుండి వెలువడు మిగులు నీటిని వృథా కానీయక హాస్టల్ అవసరాలకు వినియోగించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.' కింద సంతకాలు. అందరికన్నా కింద, వంకరటింకరగా, తనది.

బండలు, పాయఖాన్లు అన్నది తను. ఆ రెండు మాటలూ పోయి, వాటి చోట అవసరాలు అని కూర్చుంది. పిల్లల కడుపు కూడా అందులోకే వచ్చింది. అంత శుభ్రంగా, అంత గుండ్రటి అక్షరాల్లో రాసిన కుళ్ళు ఆమె ఎన్నడూ చూడలేదు. పెరట్లోకి పోయి రెండుసార్లు ఉమ్మింది. నోట్లో చేదు పోలేదు.

*

శనివారం సాయంత్రం కృపాదానం స్వయంగా వంటింట్లోకి వచ్చాడు. ఏడాదిలో ఆయన అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. గుండిగల అంచులకు కట్టిన తెల్లటి పెచ్చు చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"రేపు రెండు గంటలకు పార్టీ లీడరు వచ్చి రిబ్బను కోస్తడు. ముందుగాల భోజనాలు. బగార, చికెను బయటికెల్లి తెప్పిస్తున్న. కరుణాకర్ రెడ్డిగారు మాత్రం ముక్క ముట్టరు, వాళ్ళ అమ్మ పోయి రేపటికి ఏడాది. ఆమెకు చింతచిగురు పప్పంటే మస్తు పానమంట. గది నువ్వు వండాలె, ఆయనకు, ఇంకో నలభై మందికి."

"అట్లనే సారూ."

ఆయన తలుపు దాకా పోయి ఆగాడు. గొంతు తగ్గించాడు.

"పప్పుకు ట్యాంకు నీళ్ళు పెట్టకు. ప్లాంటు కాడ పది క్యాన్లు ఇయ్యమని చెప్పిన. తెప్పిచ్చుకో."

ఎలిశిబా ముందున్న కత్తిపీట పక్కకు జరిపింది. "ఎందుకు సారూ?"

"పెద్దోళ్ళు తింటరు గద."

అంటే తెలుసు. మొదటి నుంచీ తెలుసు. గేటు దగ్గర సంచి బోర్లింపజేసినప్పుడు తెలుసు, నీ చెయ్యి మారిందన్నప్పుడు తెలుసు.

"ఇంకోటి," అన్నాడాయన. "సోమవారంకెల్లి రామాయంపేట నుంచి కొత్తామె వస్తది. కమిటీ అనుకున్నది. రేపటి వంట ఒక్కటి మంచిగ చెయ్యి, నీకూ పేరుంటది."

"మరి పిల్లల వంటకు నీళ్ళు?"

"ఉన్నయే గద," అని పైకి, ట్యాంకు వైపు చూపించి వెళ్ళిపోయాడు.

యేసమ్మ ఏడ్చింది. ఎలిశిబాకు ఏడుపు రాలేదు. పద్దెనిమిదేళ్ళు ఈ మనుషులకు వందనాలు చెప్పి, వీళ్ళ మీటింగులకు టీలు మోసి, వీళ్ళ ప్రార్థనలకు ఆమేన్ అన్నానన్న సంగతికే ఒళ్ళు కంపరం ఎత్తింది. తను పోతే పోతుంది. సోమవారం వచ్చే ఆమె కూడా ఇదే గుండిగ ముందు కూర్చుంటుంది. నాలుగు రోజులకు ఆమె చెయ్యి కూడా మారిందంటారు. పిల్లలు మాత్రం పలుకులు ఉమ్ముతూనే ఉంటారు.

*

ఆదివారం ఉదయం రెండు పొయ్యిల మీద రెండు గుండిగలు ఎక్కించింది. ఒకే బస్తాలోని పప్పు. రెండింట్లోనూ సమంగా పసుపు, సమంగా నూనె. చిన్నదాంట్లో క్యాను నీళ్ళు, పెద్దదాంట్లో ట్యాంకు నీళ్ళు. ముప్పావుగంటలో చిన్న గుండిగలో పప్పు వెన్నలా విచ్చుకుంది. ముట్టుకుంటే నలిగింది. పన్నెండు రోజులుగా ఆ వాసన ఆ వంటింట్లో లేదు. పులుపు ముందు పడితే పప్పు బిగుసుకుంటుంది కాబట్టి, పూర్తిగా మెదిపాకే చింతచిగురు నలిపి వేసింది. ఎల్లిపాయ, ఎండుమిరపకాయ, జీలకర్రతో పోపు. పెద్ద గుండిగ అలాగే కుతకుతలాడుతూ ఉంది, తెట్టు కడుతూ ఉంది.

బయట రోడ్డు మీద 'కీ.శే. రాజమణెమ్మ స్మారక శుద్ధజల కేంద్రం' అని నిలువెత్తు బోర్డు. దాని కింద 'నేడు అందరికీ ఉచితం' అని ఫ్లెక్సీ. బస్తీ బస్తీ క్యాన్లతో, బిందెలతో వచ్చి నిలబడింది. సరిగ్గా బంతి కూర్చోబోయే వేళకు ప్లాంటు ట్యాంకు అడుగంటితే, మోటారు నడుస్తోంది కదా, రెండింటికల్లా మళ్ళీ నిండుతుందని కృపాదానం నల్లా కట్టేయించాడు.

ఒంటిగంటకు షామియానా కింద బంతి కూర్చుంది. కరుణాకర్ రెడ్డి తెల్లబట్టల్లో నడిమిన కూర్చున్నాడు. ఎలిశిబా స్వయంగా పప్పు వడ్డించింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నమలడం మరిచిపోయిన మనిషిలా కాసేపు అలా ఉండి, ఎడమచేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మా అమ్మ గిట్లనే వండేది," అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు.

"మా ఎలిశిబా చెయ్యి అసొంటిది సార్," అన్నాడు కృపాదానం పక్క నుంచి. "పద్దెనిమిదేండ్ల సంది అదే చెయ్యి."

ఎలిశిబా లోపలికి పోయి పెద్ద గుండిగలోంచి ఒక గిన్నెలో తీసుకొచ్చింది. ఆయన విస్తట్లో, మొదటి పప్పు పక్కనే ఒక గంటె వేసింది.

"గిది గూడ జర తినుండ్రి సారూ."

ఆయన కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. కరకర చప్పుడు పక్కవాళ్ళకు వినిపించింది. మొహం చిట్లించాడు. "ఇదేంది?"

"గదే పప్పు సారూ. ఒక్కటే బస్త, ఒక్కటే చెయ్యి. ముందుగాల తిన్నది మీ అమ్మ పేరు మీది నీళ్ళతోటి ఉడికింది. గిది గా మిషిను బయటికి కక్కిన నీళ్ళతోటి. తెల్లారంగ ఎక్కించిన, ఇప్పటిదాంక ఉడుకలేదు. పన్నెండు దినాల సంది పిల్లలు తింటున్నది గిదే. తానం చేసేది గా నీళ్ళే."

కృపాదానం గ్లాసు కింద పెట్టాడు. ఎదురుగా ఇద్దరు ముగ్గురు ఫోన్లలో ఫోటోలు తీస్తున్నారు. కరుణాకర్ రెడ్డి వాళ్ళను చూశాడు. నాలుక మీది పలుకును రెండు వేళ్ళతో తీసి, విస్తరి అంచున పెట్టి, దాని మీద అరటి తొక్క కప్పాడు.

"కృపాదానం సార్, గివన్ని మల్ల మాట్లాడుకుందాం. లీడరు వచ్చే టైమైంది." ఎలిశిబా వైపు తిరిగి, "పప్పు మంచిగున్నదమ్మా. ఇంకింత వెయ్యి," అన్నాడు. "గదే, మొదటిది."

ఆయన కంట్లో తడి ఇంకా ఆరలేదు. ఎలిశిబాకు ఆ నాలుగు రోజుల్లో అన్నిటికన్నా రోత అనిపించింది అదే. తల్లిని తలుచుకుని ఏడవగలడు. ఆ కన్నీళ్ళతోనే మళ్ళీ వడ్డించమనగలడు.

వేయలేదు. గిన్నె, గంటె పట్టుకుని వంటింట్లోకి వచ్చేసింది. మిగిలిన చింతచిగురు పప్పు గుండిగ చూపించి, "ఇది పిల్లల బంతికి కొంచపో. నలభై మందికి వండింది, అందరికీ తలా ఒక్క గంటె వస్తది," అని యేసమ్మతో చెప్పింది.

"మరి పెద్దోళ్ళకక్కా?"

"వాళ్ళకు చికెనున్నది."

తర్వాత నడుము దగ్గర తాళంచెవి తీసి, మోటారు డబ్బా తెరిచి, ఎర్ర బటన్ నొక్కింది. తాళం వేసి, తాళంచెవి మళ్ళీ నడుముకు కట్టుకుంది. పీట వేసుకుని పెద్ద గుండిగ పక్కన కూర్చుంది.

రెండు గంటలకు బయట కార్లు ఆగిన చప్పుడు, దండలు, మైకులో పేర్లు. నీళ్ళే జీవజలమని ఎవరో మాట్లాడారు. చప్పట్లు మొదలయ్యాయి, నడిమిలో ఆగిపోయాయి. ప్లాంటు నల్లా నుంచి గాలి బుసబుసమన్న చప్పుడు వంటింటిదాకా వినిపించింది. ఎవరో నవ్వారు.

కృపాదానం పరుగున వచ్చాడు. భుజం మీద శాలువా జారిపోతోంది.

"మోటరు ఆగింది! తాళంచెవి ఏది?"

"ఉన్నది సారూ."

"ఇయ్యి మరి! లీడరు నిలబడ్డడు!"

ఎలిశిబా లేచి గుండిగ మూత తీసింది. గంటెతో రెండు బద్దలు పైకి తీసి, ఊది, వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. నలగలేదు. ఆయన చూసేలా అరచేతిలో పెట్టి చూపించింది.

"పప్పు ఉడికినంక ఇస్త."

ఆయన గుండిగ చూశాడు, తెల్లటి తెట్టు చూశాడు. కిటికీలోంచి గోడ వెంట పాకిన బూడిదరంగు పైపు కనబడుతోంది. బయట మైకులో ఎవరో ఆయన పేరు రెండుసార్లు పిలిచారు. ఆయన తలుపు దగ్గరకు పోయి, ప్లాంటు వైపు తిరిగి, క్లాసు మొత్తం ఉలిక్కిపడే పాత గొంతుతో అరిచాడు.

"ఉదయ్! పానా పట్టుకొని డాబా మీదికి ఎక్కు! జల్దీ!"

ఎలిశిబా అటు చూడలేదు. గుండిగ మీద మూత పెట్టి, గ్యాసు వృథా కాకుండా మంట కొంచెం తగ్గించింది.